నోవాక్ అమ్మాయి వేసిన ఈల

ఆ ఆదివారం ఉదయం తెక్లా జాబెల్ వంటగదిలో కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తూ రేడియో వింటోంది. పాత బెర్లిన్ పాటల కార్యక్రమం. ఆ వారం అనౌన్సర్ ఒకే ఒక్క పాట తీసుకున్నాడు, "రెండో వాకిట్లో ఎండ". వెనకింటి వాకిట్లో మధ్యాహ్నం పావుగంట సేపు మాత్రమే పడే ఎండని, ఊరు విడిచిపోయిన ఒక మనిషి ఎక్కడో దూరాన కూర్చుని తలుచుకునే పాట అది. పంతొమ్మిదివందల ముప్పైలో ఒక సంగీత నాటకంలో మొదలై, ఆ ఏడే రికార్డుగా వచ్చి ఊరంతా పాకింది.

అనౌన్సర్ నాలుగు రికార్డులు వరసగా వినిపించాడు. ముందు ముప్పై ఏడులో పెద్ద వాద్యబృందంతో వచ్చినది. పాటని చెయ్యి పట్టుకుని పార్కులో నడిపిస్తున్నట్టు నెమ్మదిగా సాగింది. తరవాత యాభై ఒకటిలో సినిమా నటి బొంగురు గొంతుతో పాడినది. యుద్ధం తరవాత రేడియోలో ఎప్పుడు వేసినా అదే వేసేవాళ్ళు. మూడోది ఈ ఏడాదే కుర్రాళ్ళు గిటార్లు పెట్టి గెంతులకి పనికొచ్చేలా చేసినది. చివరికి అన్నిటికన్నా మొదటిది, ఆడల్బర్ట్ లోర్మ్ పాడినది.

"ఈ మొదటి రికార్డు అంతగా ఆడడానికి కారణం లోర్మ్ గొంతు కాదు," అన్నాడు అనౌన్సర్. "రెండు చరణాల మధ్య వచ్చే ఈల. ఆ ఈల వేసింది ఆనాటి వెరైటీ రంగస్థలాల మీద పేరు మోసిన ఎగాన్ కుబిట్జ్. పాట రాసినవారెవరో తెలియదు."

తెక్లా చేతిలో కత్తి ఆగిపోయింది.

ముప్పై మూడేళ్ళుగా ఆమె ఆ ఈల తనదేనని చెప్పుకుంటూ వచ్చింది. పెళ్ళి చూపుల్లాంటి మొదటి పరిచయంలోనే మొగుడికి చెప్పింది. ఆయన పోయేదాకా పదిమందిలో గర్వంగా చెప్పుకున్నాడు. కూతురు గిట్టా బడిలో చెప్పుకుంది. తెక్లా ఇప్పుడు పనిచేసే నాటకశాలలో, ప్రేక్షకుల కోట్లు అందుకుని కొక్కేలకి తగిలించే గదిలో, ఆమెని అందరూ ఎరిగింది ఈలావిడగానే.

పక్క గదిలోంచి గిట్టా తల బయట పెట్టింది. "అమ్మా, అది నువ్వు కదా?"

"నేనే."

"మరి ఆయనేంటి ఎవరో కుబిట్జ్ అంటున్నాడు?"

"తప్పు చెప్పాడు. నోరు మూసుకుని విను."

లోర్మ్ మొదటి చరణం ముగించాడు. ఈల వచ్చింది. తెక్లా ఆ రికార్డు విని ఇరవై ఏళ్ళయింది. ఆమె దగ్గరున్నది నలభై మూడు నవంబరులో బాంబులు పడ్డప్పుడు గ్రామఫోనుతో సహా బూడిదైంది. ఇప్పుడు వింటుంటే మొదట్లో ఒళ్ళు పులకరించింది, తన ఈలే. చివరికి వచ్చేసరికి ఆ ఈల పంజరంలో పిట్టలాగా గిరగిరా వణికి, పైకి లేచి, ఆగింది.

ఆ వణుకు తెక్లాకి జన్మలో రాలేదు. ఎంత సాధన చేసినా నాలుక తిరిగేది కాదు. చెల్లెలు దానికోసం ఆమెని ఏడిపించేది కూడా.

"ఏమైందమ్మా?" అంది గిట్టా.

"ఏం లేదు. దుంప కుళ్ళింది," అంది తెక్లా. దుంప బాగానే ఉంది.

ఆ రోజంతా ఆమె జ్ఞాపకాన్ని తిరగేసి మరగేసి చూసుకుంది. ఎక్కడా బీట లేదు. ముప్పయ్యో సంవత్సరం, మార్చి నెల. తనూ, తనకన్నా రెండేళ్ళు చిన్నదైన చెల్లెలు ఆల్మా, ఆ నాటకంలో బృందగానం పాడే పిల్లలు; పుట్టింటి పేరు నోవాక్. నడవలో ఎవరో ఈల వేస్తుంటే సంగీత దర్శకుడు విని, "రేపు తొమ్మిదింటికి నోవాక్ అమ్మాయిని రికార్డింగుకి పంపండి" అని చీటీ పంపాడు. తను వెళ్ళింది. గోడలనిండా వేలాడదీసిన గొంగళ్ళు, పొట్టిగా ఉందని కాళ్ళ కింద పెట్టిన చెక్కపెట్టె, ఎర్ర బల్బు. మూలన పాట రాసిన సాలో వింటర్‌గ్రూన్, తడిసిన బూట్లతో, జాము పెట్టి వేయించిన బన్నుల సంచి ఒళ్ళో పెట్టుకుని. ఒకటి తినగానే పెదాలకి పంచదార అంటుకుని ఈల రాలేదు. తువ్వాలు తెప్పించి తుడిపించారు. ఇవన్నీ నిన్న జరిగినట్టున్నాయి. పిట్ట వణుకు ఒక్కటే లేదు.

మర్నాడు నాటకశాలలో తలుపుల దగ్గరుండే ముసలి ఓటోకార్ ఆమె గదిలోకి తొంగి చూశాడు. "కుబిట్జ్ గారూ, ఆ బూడిదరంగు కోటు అందిస్తారా?"

మనసులో ఏమీ పెట్టుకునే మనిషి కాదు. తెక్లా కూడా నవ్వింది. నవ్వుతూనే న్యాయవాది కోటు దంతవైద్యుడికి ఇచ్చింది, దంతవైద్యుడిది ఎవరికిచ్చిందో తెలియలేదు. ఆ సాయంత్రం ముగ్గురు పెద్దమనుషులు ఒకరి భుజాలు ఒకరు చూసుకుంటూ మెట్ల మీద నిలబడ్డారు.

వారిలో ఒకాయన డ్రేగర్ గారు. తంతి కార్యాలయంలో చేసి రిటైరైనవాడు, ప్రతి కొత్త నాటకానికీ మొదటిరోజే వచ్చేవాడు. ఇంట్లో పడుకోవడానికి చోటు లేనన్ని పాత రికార్డులున్నాయని చెబుతుండేవాడు. కోటు మార్పిడి సర్దుకున్నాక తెక్లా సంగతంతా ఆయనకి చెప్పింది. బుధవారం మధ్యాహ్నం రమ్మన్నాడు.

ఆయన గది నిజంగానే రికార్డుల గోదాములా ఉంది. ఆయన లోర్మ్ రికార్డు తీసి, కిటికీ వెలుగుకి వంచి, మధ్య కాగితం అంచున గీసిన సన్నటి అంకెలు చూపించాడు.

"చివర రెండు అని ఉంది చూశారా జాబెల్ గారూ? ఒకే పాటని వాళ్ళు రెండుమూడు సార్లు పాడించేవాళ్ళు. ఇది రెండోసారి పాడించింది. అంటే మొదటిది కూడా ఉండాలి. కొన్ని రికార్డులు దానిలోంచి కూడా అచ్చేసి ఉండొచ్చు. నాకైతే ఇన్నేళ్ళలో ఒక్కటీ దొరకలేదు."

"రెండుసార్లూ ఈల వేసింది ఒకరే కావాలని లేదు కదా?"

"వేరేరోజు కూడా అయ్యుండొచ్చు. మీరు ఎన్నిసార్లు వేశారు?"

తెక్లా ఆలోచించింది. "చాలాసార్లు వేశాను. పెదాలు నొప్పెట్టాయి. రోజు మాత్రం ఒక్కటే."

"మరి కుబిట్జ్‌ని చూశారా అక్కడ?"

"లేదు."

"ఒకసారి వేసి చూపించండి," అన్నాడు ఆయన, మర్యాదగానే.

తెక్లా పెదాలు సున్నాలా చుట్టింది. పైవరస కట్టుడు పళ్ళ సందులోంచి గాలి వచ్చింది, అంతే. మరోసారి ప్రయత్నించింది. టీకెటిల్ తొలి పొంగు ముందు చేసే చప్పుడు లాంటిది వచ్చింది. డ్రేగర్ గారు కిటికీలోంచి ఎదుటింటి పొగగొట్టం కేసి చాలా శ్రద్ధగా చూశాడు.

"అప్పటి మనుషులు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"మా చెల్లెలు."

"అడగండి మరి."

"అటువైపు ఉంది."

గోడ లేచి రెండేళ్ళు దాటింది. పడమటి బెర్లిన్ వాళ్ళకి అటు వెళ్ళే వీలు లేదు.

ఉత్తరాలు వెళ్తాయి. కానీ ఆ అక్కచెల్లెళ్ళ మధ్య పుట్టినరోజు కార్డులు తప్ప ఉత్తరాలు లేవు. అరవై ఒకటి ఆగస్టులో తెక్లా గది సర్ది, పక్క వేసి, "శనివారం వచ్చెయ్, చేతిసంచి ఒక్కటే తెచ్చుకో, ఇక్కడే ఉండిపో" అని చెల్లెలికి కబురు చేసింది. ఆల్మా రాలేదు. మర్నాడు ఆదివారం ఉదయానికి వీధులకి అడ్డంగా ముళ్ళతీగ పరిచారు. రావడం ఇష్టం లేక రాలేదని తెక్లా మనసులో గట్టిపడిపోయింది. ఆ తరవాత ఆల్మా రాసిన కార్డు మీద, "ఆరోగ్యంగా ఉన్నాను" అని తప్ప ఏమీ లేదు. రెండేళ్ళ తరవాత రాసే మొదటి ఉత్తరం ఒక ఈల గురించి ఎలా రాస్తుంది? కాగితం తీసి, "ప్రియమైన ఆల్మా" అని రాసి, దాన్ని డ్రాయరులో పడేసింది.

డిసెంబరులో అనుకోని సంగతి జరిగింది. పండగకి పడమటివాళ్ళు అటువైపు బంధువులని ఒక్కరోజు చూసి రావచ్చని ఒప్పందం కుదిరింది. ఒక బడి వ్యాయామశాలలో అనుమతి పత్రాలిస్తున్నారని తెలిసి తెక్లా వెళ్ళింది. మంచులో ఏడుగంటలు నిలబడింది. ముందున్నావిడ కొడుకు కోసం, వెనకున్నాయన పెళ్ళాం కోసం. నువ్వెవరికోసం అని అడిగితే, "చెల్లెలి కోసం" అంది. అన్నాక తనకే అనుమానం వచ్చింది, చెల్లెలి కోసమా, కుబిట్జ్ కోసమా అని. లోపలికి చేరేసరికి చలికి బుర్ర మొద్దుబారి, అధికారి ఇచ్చిన కాగితంలో బంధుత్వం రాయాల్సిన చోట తన పేరే రాసేసింది. అతను తిట్టకుండా ఇంకో కాగితం ఇచ్చాడు. ఇరవై ఏడో తారీకు శుక్రవారం దొరికింది. ఆల్మాకి టెలిగ్రాం ఇచ్చింది.

ఆ రోజు సరిహద్దు వంతెన దాటేటప్పుడు సంచిలో కాఫీపొడి, నారింజలు, ఉన్ని గ్లవ్స్ ఉన్నాయి. అవతలి చివర జనంలో ఆల్మా నిలబడి ఉంది. చిక్కిపోయింది, జుట్టు తెల్లబడింది. కౌగిలించుకోవడానికి ముందు అక్కని పైనుంచి కిందికి చూసింది.

"తలమీద అదేంటక్కా?"

"టోపీ."

"పిట్టగూడనుకున్నాను."

"నీ మొహం," అంది తెక్లా. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, వంతెన వాలు దిగేదాకా ఏడ్చుకుంటూ నడిచారు.

ఆల్మా బల్బుల కర్మాగారంలో పనిచేస్తోంది. ఒక్క గది ఇల్లు, మూలన పలకల పొయ్యి వెచ్చగా ఉంది. బంగాళాదుంపల సలాడు, సాసేజీలు, పండగకి చేసిన ఎండుద్రాక్ష రొట్టె బల్లమీద పెట్టింది. ఎవరెవరు పోయారో, ఎవరికి పెళ్ళయిందో చెప్పుకున్నారు. తెక్లా అడగాలని తెచ్చిన ప్రశ్న గొంతుదాకా వస్తోంది, మళ్ళీ సాసేజీతోపాటు లోపలికి పోతోంది.

ఆల్మాయే ఎత్తింది. "మీ రేడియో మేం కూడా వింటాంలే, చప్పుడు తగ్గించి. నవంబరులో ఆ వెధవ వాగింది విన్నావా? నా ఈలని తీసుకెళ్ళి కుబిట్జ్‌కి అంటగట్టాడు."

తెక్లా ఫోర్కు కింద పెట్టింది. "నీ ఈలా?"

"నాదే. ఇంకెవరిది?"

"ఆల్మా, రికార్డింగుకి వెళ్ళింది నేను."

"నువ్వా? నీకు గొంతులో కాయలు వాచి మంచంలో ఉన్నావు. అమ్మ ఉల్లిపాయ కట్టు కట్టింది."

"కాయలు వాచింది నీకు. నీ పక్కన ఆ ఉల్లిపాయ కంపు భరించింది నేను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తెక్లా నెమ్మదిగా అడిగింది. "గోడలకి ఏం వేలాడదీశారో చెప్పు."

"గొంగళ్ళు. కాళ్ళ కింద పెట్టె వేశారు. బన్ను తిన్నాక పంచదార తుడిపించారు."

"అది నేను నీకు చెప్పాను."

"నువ్వు నాకు చెప్పావా, నేను నీకు చెప్పానా?" అంది ఆల్మా. ఆ ప్రశ్నలో దెప్పిపొడుపు లేదు. ఆమెకి కూడా నిజంగానే తెలియడం లేదు.

"ఆ కాయలు నీకు కోయించారు కదా?" అంది తెక్లా.

"కోయించారు. నీకు?"

"నాకూ కోయించారు. యుద్ధానికి ముందు."

"అయితే దానివల్ల లాభం లేదు."

ఆల్మా లేచి, బీరువా అడుగున చెయ్యి పెట్టి, దిండు గలేబులో చుట్టిన రికార్డు తీసింది. యుద్ధమంతా నేలమాళిగలో బొగ్గు కింద దాచిందట. తెక్లా దాన్ని లాక్కున్నట్టే తీసుకుని కిటికీ దగ్గర వంచి చూసింది. అంకెల చివర ఒకటి అని ఉంది. డ్రేగర్ గారికి ఇన్నేళ్ళలో దొరకనిది.

ఆల్మా గ్రామఫోను తిప్పింది. చరచరలాడుతూ లోర్మ్ పాడాడు, ఈల వచ్చింది. సాదాగా, తిన్నగా, చివర వణుకు లేకుండా ఆగింది.

"నేనే," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"వణుకు లేదు చూడు," అంది తెక్లా. "నాకు వణుకు రాదు. నీకు వచ్చేది. రేడియోలో వేసిన రికార్డు నువ్వు, ఇది నేను. ఇద్దరం చెరోరోజు వెళ్ళి ఉంటాం. నోవాక్ అమ్మాయి అన్నారు, ఎవరు దొరికితే వాళ్ళని పంపి ఉంటారు."

"నాకెక్కడ వచ్చేదే ఆ వణుకు? నాన్నని విసిగించడానికి పిట్టలాగ వేసేదానివి నువ్వు."

"నేనా? నన్ను ఏడిపించేదానివి కాదూ, నాలుక తిరగదని?"

"నువ్వు నన్ను ఏడిపించేదానివి."

"అయితే వణుకు ఎవరిది?"

ఆల్మా సూదిని మళ్ళీ మొదటికి జరుపుతూ, "కుబిట్జ్‌ది కావచ్చు," అంది.

మళ్ళీ పెట్టారు. మళ్ళీ పెట్టారు. వినే కొద్దీ తెక్లా నమ్మకం పలచబడింది. నాలుగోసారి పై స్వరానికి ముందు ఒక చిన్న ఊపిరి వినిపించింది, మెట్లెక్కేవాళ్ళు మధ్యలో తీసుకునేటటువంటిది. చిన్నప్పుడు ఒక్క మంచంలో పడుకుని రాత్రిళ్ళు విన్న ఊపిరి. ఆల్మాకి గుండెల్లో బలం తక్కువ.

"ఇది నువ్వే," అంది తెక్లా. "ఆ ఊపిరి చూడు. నీదే."

"ఆ ఊపిరి విని నేనూ అదే అనుకుంటున్నా, నీదని," అంది ఆల్మా. "పదహారో ఏటి నుంచి దొంగతనంగా సిగరెట్లు కాల్చిన ఊపిరి అది. తీసుకో, నువ్వే."

"నాకొద్దు. నీది."

"ఇందాకటిదాకా నీదన్నావు కదే."

తెక్లాకి నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో భయం కూడా వేసింది. ఈ గదిలో కూర్చున్నది తనేనా, ఆనాడు పెట్టె ఎక్కింది ఎవరు, ఇంట్లో కూర్చుని కథ విన్నది ఎవరు? మొగుడు చచ్చిపోయేదాకా నమ్మింది ఎవరి ఈలని? రికార్డు చేతిలోకి తీసుకుని ఊరికే చూస్తూ కూర్చుంది. అప్పుడు కనిపించింది, మధ్య కాగితం మీద, లోర్మ్ పేరు కింద చిన్న అక్షరాల్లో, "మాటలు: ఎస్. వింటర్‌గ్రూన్".

"డ్రేగర్ గారి రికార్డు మీద ఈ పేరు లేదే," అంది.

"ఉండదు. ముప్పై మూడు తరవాత వేసినవాటి మీద యూదుల పేర్లు తీసేశారు కదా. ఆయన ప్రాగ్ వెళ్ళిపోయాడు."

"తడిసిన బూట్లు."

"ఎడం బూటు అడుగున చిల్లి. కాగితం మడిచి పెట్టుకునేవాడు."

"ఎడందే," అంది తెక్లా. "ప్రాగ్ నుంచి నాకు కార్డు రాశాడు. ఇక్కడి బన్నులు బాగాలేవని."

"నాకు రాశాడక్కా అది."

"ఎవరి పేరుతో వచ్చింది?"

ఆల్మా కళ్ళు మూసుకుంది. "నోవాక్ అమ్మాయికి అని రాశాడు."

ఆ కార్డు కూడా కాలిపోయింది. ఆ తరవాత ఆయన సంగతి ఇద్దరిలో ఎవరికీ తెలియదు. పొయ్యిలో బొగ్గు సర్దుకున్న చప్పుడు వినిపించింది. ఆల్మా లేచి రొట్టె ఇంకో ముక్క కోసి అక్క పళ్ళెంలో వేసింది.

సాయంత్రం ఐదింటికి వంతెన దాకా దిగబెట్టడానికి వచ్చింది. కొత్త గ్లవ్స్ వేసుకుంది. వరస నెమ్మదిగా కదులుతోంది. తెక్లాకి ఇంక దాచుకోవడం చేతకాలేదు.

"ఆ శనివారం ఎందుకు రాలేదే?"

"కర్టెన్లు ఉతికాను."

"కర్టెన్లా?"

"మురికి కర్టెన్లు వదిలేసి పోతే తరవాత వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు? తడివి ఆరాలి కదా. ఆదివారం పొద్దున్నే బయల్దేరదామనుకున్నాను."

తెక్లాకి రెండేళ్ళపాటు మోసిన కోపం ఎక్కడ దింపాలో తెలియలేదు. "ముందే రాయొచ్చుగా," అంది చివరికి.

"ఏమని రాయను? కర్టెన్ల వల్ల ఇక్కడ ఉండిపోయానని ఎలా రాస్తారు?" ఆల్మా ఆమె టోపీ సర్దింది. "విను. మీవైపు ఎవరైనా అడిగితే నువ్వే వేశానని చెప్పు. మావైపు నేను వేశానని చెబుతాను. దాటొచ్చి అడిగేవాడెవడు?"

ఇంటికి చేరేసరికి గిట్టా తలుపు దగ్గరే నిలబడి ఉంది. "పిన్ని ఎలా ఉంది? ఇంతకీ ఈల ఎవరిదట?"

"చిక్కిపోయింది," అంది తెక్లా, బూట్లు విప్పుకుంటూ.

"ఈల సంగతమ్మా."

"తెలియదు."

"అంటే కుబిట్జ్ దా?"

"తెలియదన్నానుగా. నాది కావచ్చు, దానిది కావచ్చు. ఆయన ఒకటి వేసి ఉండొచ్చు. నన్నింక అడక్కు."

కొత్త సంవత్సరం మొదటి వారంలో ఆమె రేడియో వాళ్ళకి ఉత్తరం రాసింది. మూడుసార్లు చింపి నాలుగోసారి నిలిపింది. ఈల గురించి ఒక్కమాటా రాయలేదు. ఆ పాట రాసింది సాలో వింటర్‌గ్రూన్ అని, ఆయన పేరు మొదటి రికార్డు మీద అచ్చై ఉందని, తను కళ్ళారా చూశానని, పేరు చెప్పమని అడిగింది. మరుసటి ఆదివారమూ, ఆ పై ఆదివారమూ బంగాళాదుంపలు ముట్టకుండా రేడియో ముందు కూర్చుంది.

మూడో ఆదివారం అనౌన్సర్ ఆ ఉత్తరం ప్రస్తావించాడు. "మన శ్రోత ఒకరు తెలియజేసిన ప్రకారం," అన్నాడు మంచి గొంతుతో, "రెండో వాకిట్లో ఎండ పాట రాసినవారు సాలో వింటర్‌ఫెల్డ్. వారికి మన కృతజ్ఞతలు." అని సినిమా నటి రికార్డు వేశాడు.

"వింటర్‌ఫెల్డా?" అంది గిట్టా. "నువ్వు గ్రూన్ అన్నావు కదా?"

ఒక్క క్షణం తెక్లాకి తనమీద తనకే అనుమానం వచ్చింది. గ్రూనా, ఫెల్డా? కళ్ళు మూసుకుని దిండు గలేబులోంచి వచ్చిన రికార్డుని, దాని మధ్య చిన్న అక్షరాలని ఎదుట నిలుపుకుంది. తరవాత లేచి, డ్రాయరు లాగి, రాసే కాగితాల కట్ట బయటికి తీసింది.

"గ్రూన్," అంది. "ఆ పాట తగ్గించు, నేను రాసుకోవాలి."